శ్రీకాకుళంలో ఏడాదిని నడిపేది గాలి

శ్రీకాకుళం ఉష్ణోగ్రతలు కాగితం మీద చూస్తే ఏడాదంతా దాదాపు ఒకేలా ఉన్నట్టు కనిపిస్తుంది. జనవరిలో పగటి సగటు 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మే నెలలో తీరం వెంబడి 34, 35 ఉంటుంది, అంటే చలి నెలకీ ఎండ నెలకీ మధ్య ఆరేడు డిగ్రీలే తేడా. ఢిల్లీలో ఇదే తేడా ఇరవై డిగ్రీల దాకా పోతుంది. అలాగని శ్రీకాకుళంలో కాలం మారదంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. మే నెల మధ్యాహ్నం ఏడురోడ్ల జంక్షన్‌లో ఆటో కోసం నిలబడటం, అక్టోబరులో తుపాను కబుర్లు వింటూ సోంపేటలో రాత్రంతా మేలుకుని ఉండటం, సంక్రాంతి ముందు తెల్లవారుజామున చలిమంట చుట్టూ చేరటం, ఈ మూడూ మూడు వేర్వేరు దేశాల్లో జరిగినట్టే ఉంటాయి. ఈ తేడాని థర్మామీటరు సగమే చూపిస్తుంది. మిగతా సగం గాలి చెబుతుంది: ఆ రోజు గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, దారిలో ఏం మోసుకొచ్చింది అన్నది తెలిస్తే ఇక్కడి వాతావరణం చాలావరకు అర్థమైపోతుంది.

ముందు ఊరు ఉన్న చోటు చూడాలి. నాగావళి ఒడ్డున పట్నం, ఆగ్నేయంగా పది పన్నెండు కిలోమీటర్లు పోతే బంగాళాఖాతం. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. రెండో వైపు, పడమర నుంచి ఉత్తరం దాకా, తూర్పు కనుమలు. పాలకొండ, సీతంపేట కొండలు, ఒడిశా హద్దు దాటితే 1,501 మీటర్ల మహేంద్రగిరి. సముద్రానికీ కొండకీ మధ్య మిగిలిన సన్నటి మైదానంలోనే ఊళ్లూ పొలాలూ ఉన్నాయి. ఇలాంటి చోట గాలి నలభై డిగ్రీలు పక్కకి తిరిగినా రోజు మారిపోతుంది. సముద్రం మీంచి వస్తే తేమ, కొండల మీంచి దిగితే సెగ, ఉత్తరం నుంచి వస్తే పొడి చలి.

ఒక్క ఎండ వల్లే ఇక్కడ రోజు మారదనడానికి ఊరి పక్కనున్న అరసవల్లి కన్నా మంచి రుజువు లేదు. సూర్యనారాయణ స్వామి ఆలయంలో ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారం మొదట్లో ఒకసారి, అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో ఒకసారి, ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణంగా దాదాపు ఒకే చోట ఉంటాడు. మార్చిలో ఉత్తరానికి వస్తూ, అక్టోబరులో దక్షిణానికి పోతూ. కాబట్టి ఊరి మీద పడే ఎండ కోణం ఒకటే, పగటి పొడవు కూడా ఒకటే. మరి ఆ రెండు ఉదయాలూ ఒకలా ఉండవెందుకు? మార్చిలో ఆకాశం తేటగా ఉంటుంది, కిరణాలు చాలాసార్లు చక్కగా కనిపిస్తాయి. అక్టోబరులో మబ్బు అడ్డొచ్చి భక్తులు నిరాశగా వెనుదిరిగిన ఏళ్లు బోలెడు. సూర్యుడు మారలేదు, మారింది సముద్రం. చలికాలమంతా చల్లబడి ఫిబ్రవరి, మార్చి నాటికి 27 డిగ్రీల దగ్గర ఉన్న నీరు, వేసవి వేడిని దాచుకుని అక్టోబరుకి 29 దగ్గర ఉంటుంది. నేల అయితే ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా చల్లారుతుంది, సముద్రం నెలల తరబడి పట్టుకుని ఉంటుంది. ఈ ఆలస్యం వల్లనే ఉత్తరాంధ్రకి అక్టోబరంటే ఆ తుపాను భయం.

ఇక ఎండాకాలం. మార్చి మూడో వారానికే ఉక్కపోత మొదలవుతుంది, ఏప్రిల్‌కి ముదురుతుంది. శ్రీకాకుళం ఉన్నది 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అందుకని మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్ర నీడ దాని కాళ్ల కిందే మాయమవుతుంది. జూలై నెలాఖరులో మళ్లీ అదే జరుగుతుంది గానీ అప్పుడు మబ్బుల వల్ల ఎవరికీ పట్టదు.

మే నెలలో ఇక్కడ రెండు రకాల రోజులుంటాయి, రెండూ కష్టమే, కానీ కష్టం వేరు. మొదటిది సముద్రపు గాలి ఆడే రోజు. పొద్దున్న ఆకు కదలదు, ఎనిమిదింటికే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. నేల బాగా కాగి పైగాలి తేలికై లేచాక సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. కళింగపట్నంలో పదకొండింటికే తగిలే ఆ గాలి శ్రీకాకుళం చేరేసరికి ఒక్కోరోజు మధ్యాహ్నం దాటుతుంది, ఆమదాలవలస చేరేసరికి సాయంత్రమవుతుంది, పాలకొండ వైపు వెళ్లేసరికి అందులో చల్లదనం మిగలదు. విజయనగరం సముద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి అక్కడ కూడా ఇదే ఎదురుచూపు. ఇలాంటి రోజు గరిష్ఠం 35 దాటకపోవచ్చు, కానీ గాలిలో తేమ 70 శాతం ఉంటే ఒంటికి అది 50 దరిదాపుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడు, ఆ చెమట ఆరడానికి గాలిలో చోటే ఉండదు. రాత్రి కూడా 27, 28 కంటే దిగదు. ఫ్యాను ఉన్న గదిలోనూ నిద్ర పట్టదు, కరెంటు పోతే ఇంటిల్లిపాదీ డాబా మీదకి చేరాల్సిందే.

రెండోది పడమర గాలి రోజు. దక్కన్ మీద ఎండి, కనుమలు దాటి మైదానంలోకి దిగే గాలి ఇది. పొడి గాలి వెయ్యి మీటర్లు కిందికి దిగితే దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది, కాబట్టి కొండ మీద ఓర్చుకోగలిగిన గాలి కింద కొలిమి సెగ అయిపోతుంది. ఆ గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి తీరం దగ్గరే ఆగిపోతుంది, పాదరసం 40 దాటుతుంది, లోపలి మండలాల్లో ఇంకా పైకి పోతుంది. తీరప్రాంతాలకి వడగాలి ప్రకటించడానికి వాతావరణ శాఖ పెట్టుకున్న గీత మైదానాల్లోలాగా 40 కాదు, 37. సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువై, 37 తాకితే చాలు. తేమ ఉన్న చోట ఆ మాత్రం వేడే ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి ఆ లెక్క సరైనదే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మే 25 నుంచి జూన్ 8 దాకా ఉండే ఆ రెండు వారాల్లో ఒక చిత్రం జరుగుతుంది. కేరళలో వానలు మొదలవుతాయి, టీవీలో రుతుపవనాలు వచ్చేశాయంటారు, ఇక్కడ మాత్రం ఎండ ఇంకా ముదురుతుంది. రుతుపవనాలను తెచ్చే పడమటి గాలే అది, కాకపోతే దాని తేమ అంతా పశ్చిమ కనుమల దగ్గర కురిసిపోయి, మన వైపుకి వేడే వస్తుంది. వర్షం ఆలస్యమైన ఏడాది ఈ దశ వారాల తరబడి సాగుతుంది. 2023లో జూన్ మూడో వారంలో కూడా వడగాలులు తగ్గక, బడులు తెరిచాక రాష్ట్రంలో ఒంటిపూట బడులు నడపాల్సి వచ్చింది. పొలానికీ ఉపాధి పనికీ వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయల్దేరి పదింటికల్లా ఇంటికి చేరాలని చూసేది, పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి వెళ్లేది ఈ రోజుల కోసమే. సముద్రపు గాలి రోజున నీడలో కూర్చుంటే పెద్దగా లాభం లేదు, గాలి తగిలే చోటు కావాలి. పడమర గాలి రోజున సరిగ్గా దానికి తలకిందులు: తలుపులు మూసుకుని, నీడలో, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని ఉండాలి, ఆ గాలికి ఎదురు నిలబడితే వడదెబ్బే. ఈ రెండింటినీ కలిపి "ఎండలు" అని ఒకే జాగ్రత్త చెప్పడం వల్ల ఉపయోగం తక్కువ.

ఎండల మధ్యలో కొన్ని సాయంత్రాలు ఆకాశం పడమర నుంచి నల్లబడుతుంది. పగలంతా కాగిన కొండల మీద లేచిన మబ్బు, సముద్రపు తేమ తగిలేసరికి ఈదురుగాలి, ఉరుములు, పిడుగులతో అరగంట విరుచుకుపడి పోతుంది. మామిడికాయలు రాలిపోతాయి, ఊళ్లో కరెంటు తీగలు తెగుతాయి, పది డిగ్రీలు ఒక్కసారి దిగుతుంది. పొలంలో చెట్టు కింద నిలబడ్డ పశువుల కాపరులు ఏటా ఈ పిడుగులకే బలవుతున్నారు. వాన వచ్చినప్పుడు చెట్టు కిందకి పోవడం అలవాటైన చోట ఈ ఒక్క అలవాటు మానిపించడానికి ఎంత చెప్పినా తక్కువే.

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారంలో, మృగశిర కార్తె వచ్చాక, ఇక్కడికి చేరతాయి. ఏడాది మొత్తానికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వానలో మూడింట రెండు వంతులు ఈ నాలుగు నెలల్లోనే. అయితే ఈ వాన కేరళలోలాగా గాలితో నేరుగా రాదు. ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది, నైరుతి గాలీ దాదాపు ఆ తీరం వెంబడే పోతుంది, ఎదురొచ్చి గుద్దుకోదు. అందుకని ఒట్టి గాలి వీచినంత మాత్రాన శ్రీకాకుళంలో వాన పడదు. ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టాలి. అది బెంగాల్ వైపు పుడితే వాన అంతా ఒడిశా పైభాగానికి పోతుంది, కాస్త దక్షిణంగా, ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరాల దగ్గర పుడితే మనకి రెండు మూడు రోజుల ముసురు. పేపర్లో "అల్పపీడనం" అన్న మాటకన్నా అది ఎక్కడ ఏర్పడిందన్న మాట రైతుకి ముఖ్యం.

అల్పపీడనాలు లేని రోజుల్లో సాయంత్రం కొండల మీంచి జారే మబ్బే దిక్కు. అది కూడా లేకుండా పది పదిహేను రోజులు గడిస్తే వరుపు. జూన్‌లో ఎదలు (వరి విత్తనాలు) జల్లిన రైతు, ఆగస్టులో ఉభాలకి (నాట్లకి) నీళ్ల కోసం చూసే రైతు, ఇద్దరూ ఈ విరామాలకే భయపడతారు. వంశధార మీద గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం, సువర్ణముఖి మీద మడ్డువలస ఉన్నాయి కాబట్టి కాలువ కింద పొలాలకి ధైర్యం ఉంది. గెడ్డల (వాగుల) మీదా చెరువుల మీదా బతికే మెట్ట ఊళ్లకి అది లేదు. ఆరుద్ర కురిస్తే దరిద్రం లేదన్న మాట ఆ ఊళ్లలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

వాన గురించి మరో సంగతి, బయటివాళ్లకి అంత తొందరగా తట్టదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. అక్కడ రాయగడ, కలహండి వైపు రాత్రంతా కుండపోత కురిస్తే, శ్రీకాకుళంలో ఎర్రటి ఎండ కాస్తుండగానే నది ఒడ్డులు ఒరుసుకుని పారుతుంది. వాన చుక్క పడకుండా వరద రావడం నదీతీరపు ఊళ్లకి కొత్త కాదు. కాబట్టి ఇక్కడ వరద అంచనా వేయాలంటే మన ఆకాశం చూసి లాభం లేదు, పైన ఎంత కురిసిందో, గొట్టా దగ్గర, తోటపల్లి దగ్గర ఎంత నీరు వదులుతున్నారో చూడాలి.

అక్టోబరు దగ్గరికి వస్తే నెమ్మదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ జిల్లా బతుకుని ఎక్కువగా మార్చింది ఆ నెలే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. ఆరేళ్లలో మూడు పెద్ద తుపానులు, మూడూ క్యాలెండరులో ఒక్క రోజు తేడాతో, చిత్త కార్తె మొదలయ్యే వేళకే. ఆ తేదీలు అంత దగ్గరగా పడటం కొంత కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ నెల కాకతాళీయం కాదు. తుపాను పుట్టాలంటే సముద్రపు నీరు కనీసం 26.5 డిగ్రీలు ఉండాలి. ఆ లెక్కన జూలైలో కూడా నీరు చాలినంత వెచ్చగానే ఉంటుంది, కానీ అప్పుడు కిందిగాలి పడమర నుంచి, పైగాలి తూర్పు నుంచి బలంగా వీస్తూ లేచే మబ్బుని నిలువునా చీల్చేస్తాయి, అల్పపీడనం వాయుగుండం దాకా ఎదిగి ఆగిపోతుంది. రుతుపవనాలు వెనక్కి మళ్లే అక్టోబరులో ఆ చీల్చే గాలి తగ్గుతుంది, నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానాకాలమంతా తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా నిలిచి, లోతుల్లోని చల్లనీటిని పైకి కలవనివ్వదు. తుపాను తిరుగుతూ సముద్రాన్ని చిలికినా పైకి వచ్చేది వెచ్చని నీరే. మే నెలలో కూడా తుపానులు పుడతాయి, 2019లో ఫొనిలాగా చాలావరకు ఇటు పక్కగా పోయి పైన ఒడిశా, బంగ్లాదేశ్ వైపు తీరం దాటుతాయి.

తుపాను ఎక్కడ తీరం దాటిందన్నదానికన్నా ఊరు దానికి ఏ పక్కన ఉందన్నది పెద్ద తేడా చేస్తుంది. బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతుంది. పడమర వైపు వస్తున్న తుపానుకి కుడిపక్కన, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లకి గాలి సముద్రం మీంచి నేరుగా కొడుతుంది, దాని తిరుగుడు వేగానికి ముందుకు కదిలే వేగం కూడా తోడవుతుంది, అలలు ఊరి మీదకి తోసుకొస్తాయి. ఎడమపక్కన ఉన్న ఊళ్లకి గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, కొంత నెమ్మది. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం రెండూ కుడిపక్కన పడ్డాయి. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు శ్రీకాకుళం పట్నం ఎడమ పక్కకి వచ్చి చాలావరకు బయటపడింది. జిల్లా ఉత్తరపు కొసన తీరం వెంబడి ఉన్న ఉద్దానం బయటపడలేదు.

ఆ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో, మధ్యమధ్య 165 దాకా పోతూ తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వరసగా దాని దారిలో ఉన్నాయి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస, ఇసుక నేల మీద దట్టమైన నీడ. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా పడి ఉన్నాయి, కొన్ని మొవ్వు విరిగి మొండేలుగా నిలబడ్డాయి, జీడితోటలు ఒక పక్కకి ఒరిగిపోయాయి. వరి పోతే ఆ ఒక్క పంట పోతుంది, మళ్లీ ఏడాది నాటుకుంటారు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది, నిండుగా కాయడానికి ఇంకా ఎక్కువ. ఆ ఏళ్లన్నీ ఇంటికి రాబడి ఏది? నష్టపరిహారం లెక్కల్లో చెట్టుకి ఇంత అని రాస్తారు, చెట్టు లేని ఏళ్లకి ఎంతని రాయరు. అదీ చాలదన్నట్టు తిత్లీ లోపలికి పోయి ఒడిశా గజపతి కొండల మీద కురిసిన వానంతా వంశధారలోకి దిగి, గాలి తగ్గిన చోట వరద తెచ్చింది.

చిన్న తుపానులు కూడా తక్కువేం కాదు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గర దాటినప్పుడు గాలి 75, 85 కిలోమీటర్లే, కానీ మర్నాడు విశాఖ దాకా వాన ముంచెత్తింది. ఆ తుపాను మిగిలిన ముక్క దేశాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో షహీన్‌గా మళ్లీ లేచింది. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరుగుతుంది, ఎక్కువ ఏళ్లు అది అక్టోబరులోనే వస్తుంది. ఆ వారం జనం ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు.

నవంబరు, డిసెంబరులో ఈశాన్య రుతుపవనాలు. నెల్లూరుకి ఇదే అసలు వానాకాలం, శ్రీకాకుళానికి కాదు. ఈశాన్యం నుంచి వచ్చే గాలి నెల్లూరు చేరేముందు బంగాళాఖాతం మీద వందల కిలోమీటర్లు ప్రయాణించి తేమ పట్టుకుంటుంది, మన దగ్గరికి వచ్చేది చాలావరకు ఒడిశా నేల మీది ఉత్తర గాలి. కాబట్టి ఇక్కడ ఆ రెండు నెలల వాన అంతా దక్షిణాన పుట్టిన అల్పపీడనాల తోక తగిలితే పడేదే. అది కోతల టైములో, పనలు చేలో ఉన్నప్పుడో కుప్పలు కళ్లంలో ఉన్నప్పుడో పడితే ధాన్యం మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, కొనేచోట తేమ శాతం పేరు చెప్పి ధర తగ్గిస్తారు. రైతుకి టెన్షన్ మొత్తం ఆ పదిహేను రోజులదే.

చలి సంగతి తొందరగానే అయిపోతుంది. డిసెంబరు, జనవరిలో తీరం దగ్గర రాత్రి 17 డిగ్రీల చుట్టూ ఉంటుంది, లోపలికి, కొండల కిందికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. తెల్లవారుజామున నది మీదా పొలాల మీదా మంచు దిగి హైవే మీద ముందు లారీ వెనక లైటు కూడా కనిపించదు. ఏడాదిలో ఒంటికి హాయిగా ఉండే కాలం ఇదే, తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉండేదీ ఇప్పుడే. కానీ జీడి రైతుకి ఇది పూత కాలం. ఎండ కాసి గాలి పొడిగా ఉంటే పూత నిలుస్తుంది, వరసగా మబ్బు పట్టి మంచు ఎక్కువైతే తేయాకు దోమ అనే పురుగు, తెగుళ్లు చేరి పూత మాడిపోతుంది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఆ ఏడాది ఎంత స్థానిక గింజ వస్తుందో జనవరి, ఫిబ్రవరి ఉదయాలే చాలావరకు తేల్చేస్తాయి. రథసప్తమి నాటికి పగటి ఎండకి మళ్లీ పదును వస్తుంది.

ఇంత చిన్న చోటులో ఇన్ని తేడాలుంటే జిల్లా సగటు అనే అంకెతో ఏం చేయాలి? పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత శ్రీకాకుళం సగటులో కొండ వానలు కూడా కలిసి ఉన్నాయి, కొత్త జిల్లాకి ఆ అంకె పెట్టి ఈసారి వాన తగ్గిందనో పెరిగిందనో అంటే తప్పు లెక్క వస్తుంది. వాతావరణ శాఖ కేంద్రం ఉన్నది కళింగపట్నంలో, సముద్రం పక్కన. అక్కడి మే నెల గరిష్ఠాన్ని నమ్మి ఆమదాలవలసలోనో హిరమండలంలోనో పని పెట్టుకుంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ అంచనా వేసినట్టే. విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు మండలాల వారీగా ఉష్ణోగ్రత, వాన, వడగాలి హెచ్చరికలు ఇస్తోంది, చూడాల్సింది అవి. వాటితోపాటు గాలి దిక్కు కూడా చూడాలి. మే నెలలో పొద్దున్న తొమ్మిదికే గాలి పడమర నుంచి గట్టిగా వీస్తుంటే ఆ రోజు సముద్రపు గాలి మీద ఆశ పెట్టుకోకూడదు, బయటి పని సాయంత్రానికి వాయిదా వేసుకోవాలి. అక్టోబరులో వాయుగుండం ఉందని తెలిసినప్పుడు ఊళ్లో గాలి ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే తుపాను కేంద్రం మనకి దక్షిణంగా పోతోందని, మనం కుడిపక్కన ఉన్నామని లెక్క. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి తిరుగుతుంటే అది మనకి ఉత్తరంగా దాటుతోంది. ఇక గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అది తుపాను కన్ను కావచ్చు, అవతలి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ వస్తుంది కాబట్టి షెల్టరులో ఉన్నవాళ్లు అప్పుడే బయటికి రాకూడదు.